వెంబడి

ఒక్కటే వాక్యం:
"ఇచ్చిన అక్షం వెంబడి సగటును లెక్కిస్తుంది."
దాని కింద ఉదాహరణ, నాలుగంటే నాలుగు గళ్ళు,
నాలుగింట్లోనూ ఒకట్లు.
అడ్డంగా తీసినా ఒకటే, నిలువుగా తీసినా ఒకటే.
రాసినవాడికి అంతా తెలుసు.
తెలిసినవాడు దారి చెబితే ఇలాగే ఉంటుంది:
మా ఎదురింటికి ఎదురిల్లే మాది.

తార్తులో ఫిబ్రవరి. కిటికీ లోపలివైపు కూడా మంచు.
పేయ్‌ప్సి సరస్సు మీద పద్నాలుగు కన్నాలు,
పద్నాలుగు చలికాలాలు.
ఓసిప్ బర్మాతో తొలిచి, కర్ర దించి
కొలిచిన మంచు మందాలు.
తడిసి ఉబ్బిన నోటుపుస్తకాల్లోంచి
పొల్లు పోకుండా ఎక్కించాను.
వరుసకో చలికాలం, నిలువుకో కన్నం.
పద్నాలుగు పద్నాలుగులు.
చతురస్రం.
కొంప ముంచింది ఆ చతురస్రమే.
పొడవు ఒకటీ వెడల్పు ఒకటీ అయివుంటే
తప్పు తన కొలతతోనే పట్టుబడిపోయేది.

ఏ కన్నానికి ఆ కన్నం సగటు కావాలి నాకు.
అక్షం సున్నా అంటే వరుసలు, ఒకటి అంటే నిలువులు.
కన్నాలు నిలువుల్లో ఉన్నాయిగా,
ఒకటి అన్నాను.
గట్టు వెంబడి నడిచినట్టే అనుకున్నాను,
నడిచి వచ్చేశాకా గట్టు అక్కడే ఉంటుందిగా!
యంత్రం మారు మాట్లాడలేదు.
పద్నాలుగు అంకెలు బుద్ధిగా వరసకట్టి నిలబడ్డాయి.

శనివారం బస్సులో కోల్క్యా వెళ్ళి
కాగితం ఓసిప్ చేతిలో పెట్టాను.
కళ్ళద్దాలు ఒక్క చెవికే తగిలించుకుని చదివాడు.
ఏడు దగ్గర వేలు ఆగింది.
"యాభై ఎనిమిదా?"
"సగటున."
"అక్కడ అడుగున ఊట ఉంది, లేలో.
ఆ చోట మా కుక్కనైనా నిలబడనివ్వను నేను."
లెక్క సరిగ్గానే చేశానన్నాను.
"చేసే ఉంటావు," అన్నాడు, "ఊటకి ఆ సంగతి తెలీదు."

వంటింట్లో ఫెయదోసియా ఉల్లిపాయలు జడ అల్లుతోంది,
ఆ ఊరి చదును ఉల్లి, బంగారు రంగుది.
ఆరు అడిగి తీసుకున్నాను.
బల్ల మీద రెండు వరుసలు, మూడేసి.
ఇది సున్నా, ఇది ఒకటి, అని గొణుక్కుంటుంటే
ఆమె నా నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని.
పై వరుసను కింది వరుస మీదికి తోశాను.
వరుసలు లేవు.
మూడు కుప్పలు మిగిలాయి.

సున్నా అంటే
వరుసలు కావాలని కాదు,
వరుసలు పోవాలని!
ఏ దిక్కుని పేరు పెట్టి పిలుస్తామో
ఆ దిక్కే మాయమవుతుంది.
వెంబడి నడవడం కాదది,
నడిచినంత మేరా దారిని
చాపలా చుట్టేసుకుంటూ పోవడం.
నేను చుట్టేసింది కన్నాల్ని.
ఆ యాభై ఎనిమిది కన్నం కాదు, ఏడో చలికాలం.

అక్కడికక్కడే ఒకటి తీసి సున్నా పెట్టాను.
ఏడో కన్నం: ముప్ఫై ఒకటి.
ఓసిప్‌కి చూపిస్తే చూడనైనా లేదు.
కుక్కకి చేప తల వేస్తున్నాడు.

ఆ రాత్రి ఆ వాక్యం కింద ఇంకో వాక్యం రాసి
దాన్ని చూసుకునేవాళ్ళకి పంపాను:
"మీరు పేరు చెప్పిన అక్షం ఫలితంలో మిగలదు."
ఒకట్లు తీసేసి, రెండు వరుసలు, మూడు నిలువులు,
అన్నీ వేర్వేరు అంకెలతో ఉదాహరణ కూడా.
ఏప్రిల్ వచ్చింది, సరస్సు పగిలింది,
జవాబు రాలేదు.

ఫెయదోసియా మాత్రం ఆ రోజు
నా మూడు కుప్పల్నీ ఒక్క చేత్తో ఊడ్చి
తరిగి కుండలో వేసేసింది.
అక్షం ఏదీ చెప్పకపోతే
అన్నీ కలిసి ఒక్కటవుతాయని
ఆ ఒక్క ముక్కా విశదంగానే రాశారు.
పులుసు బాగుంది.
ఉప్పే కాస్త తగ్గింది.